గాలి కనెక్షన్

రాళ్ళవాగుపురం పంచాయతీగా ఉన్నంతకాలం జనం నీళ్ళు తాగి బతికారు. అది పురపాలక సంఘం అయ్యాక నీళ్ళ గురించి సమావేశాలు వింటూ బతకడం నేర్చుకున్నారు. ఆ సమావేశాల్లో బల్లమీద పెట్టే సీసా నీళ్ళు మాత్రం పక్క జిల్లా నుంచి వచ్చేవి.

మూడేళ్ళపాటు వీధులన్నీ తవ్వి, పూడ్చి, పూడ్చినచోట మళ్ళీ తవ్వి, చివరికి ‘గంగావతరణం’ అనే పథకాన్ని పూర్తిచేశారు. ఊరి చివర ఇంత పొడుగు ట్యాంకు లేచింది. దానికి నీలం రంగు వేసి, రంగుమీద చేపపిల్లల్ని గీశారు. ప్రతి ఇంటికీ కుళాయి, ప్రతి కుళాయికీ మీటరు. నీళ్ళు తప్ప నీళ్ళకి కావలసిన సరంజామా అంతా వచ్చేసింది. ప్రారంభోత్సవం నాడు ఛైర్మన్ గారు మొట్టమొదటి మీటరుకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆ రోజు ఆ వీధిలో నేల తడిసిందంటే ఆ కాయలో నీళ్ళవల్లే.

ఆ మొట్టమొదటి మీటరు బిగించింది బాపయ్య ఇంటి గోడకి. ఇల్లు బాపయ్య పేరున ఉందిగానీ, ఆ ఇంట్లో చీపురు ఎక్కడుండాలో దగ్గర్నుంచి బాపయ్య ఎక్కడుండాలో దాకా నిర్ణయించేది నాంచారమ్మే. బాపయ్య ముందుగదిలో కూర్చుని సైకిళ్ళకీ మోపెడ్లకీ పంక్చర్లు వేసి గాలి కొడతాడు. నోట్లో నాలుకలేని మనిషి. ఆయన వాటా మాటలు కూడా కలుపుకుని నాంచారమ్మే మాట్లాడేస్తుంది.

ఆ ఏడు నాంచారమ్మకి నీళ్ళతో పెద్ద పనే పడింది. ఒక్కగానొక్క కూతురు సుహాసినిని తొలి కాన్పుకి ఇంటికి తీసుకొచ్చింది. అల్లుడి తల్లి మాణిక్యమ్మది డెల్టా ఊరు. గుమ్మం దిగితే కాలువ. నీళ్ళంటే ఆవిడకి ఎంత చులకనో, నీళ్ళులేని ఊరంటే అంత అసహ్యం. కోడల్ని పంపేటప్పుడే మొహమాటం లేకుండా చెప్పేసింది.

“వదినా, తొలి కాన్పు పుట్టింట్లోనే, కాదన్ను. కానీ పదకొండో రోజు పురిటి స్నానానికి నేనొస్తా. బాలింతకి నెత్తిమీంచి కాగుడు మంచినీళ్ళు పొయ్యాల. బిడ్డని కాళ్ళమీదేసుకుని ఒళ్ళు రుద్ది పొయ్యాల. మీ ఉప్పుబోరు నీళ్ళు తగిలి పసిబిడ్డకి ఒళ్ళంతా పేలిందనుకో, నేనూరుకోను. నీళ్ళు లేవా, తల్లినీ బిడ్డనీ అప్పటికప్పుడు కారెక్కించుకుని పోతా. తర్వాత ఏడ్చి లాభంలేదు.”

మూడో నెల వెళ్ళేదాకా మనవణ్ణో మనవరాలినో ఒళ్ళోంచి దించకూడదని నాంచారమ్మ ఎన్నాళ్ళనుంచో అనుకుంటోంది. పొత్తిళ్ళకి పాత పంచెలు ఉతికి మడతలు పెట్టుకుంది. పదకొండు రోజులకే బిడ్డని పట్టుకుపోతే ఇంక ఈ అమ్మమ్మతనం ఎందుకు, తగలెయ్యడానికా? అయినా పైకి మాత్రం, “మా ఊరికి గంగే దిగొచ్చింది వదినా, ఇంటింటికీ కుళాయి” అని గొప్పలు పోయింది.

కుళాయి ఉన్నమాట నిజమే. రోజూ పొద్దున్నే ఆరింటికి అది ‘సుయ్య్’మని రెండు గంటలు బుసకొట్టేది. ట్యాంకుకి నీళ్ళెక్కించే చెరువులో నీళ్ళు లేకపోతే మోటారు ఎందుకు ఆడించడం అని మీకు అనుమానం రావచ్చు. కాంట్రాక్టరు ఒప్పందంలో మోటారు రోజుకి రెండు గంటలు ఆడాలని ఉంది. చెరువులో నీళ్ళుండాలని ఎక్కడా లేదు. మోటారు ఆడినంతసేపూ ఖాళీ గొట్టాల్లో గాలి తోసుకుంటూ వచ్చేది. ఆ గాలికి మీటరు గిర్రున తిరిగేది. నీళ్ళొచ్చినా అంత హుషారుగా తిరగదని తర్వాత తెలిసింది.

నాంచారమ్మ రోజూ బిందె పెట్టి ఎదురుచూసేది. బిందె నిండా చప్పుడు తప్ప ఏమీ పడేదికాదు. బాపయ్య ఒకనాడు ఊరుకోలేక సైకిలు ట్యూబు తెచ్చి కుళాయికి తగిలించాడు. అది చిటికెలో ఉబ్బి కూర్చుంది. “చెయ్యి నొప్పి తప్పిందే” అని మురిసిపోయి, ఆ వారం పంక్చర్లన్నిటికీ కుళాయి గాలే కొట్టాడు.

నెల తిరిగేసరికి బిల్లొచ్చింది. ముప్పై రెండు వేల లీటర్ల నీరు వాడారట. నాంచారమ్మ బిల్లు తిప్పి తిప్పి చూసింది. “ముప్పై రెండు వేలా! అన్ని నీళ్ళొస్తే నేనీపాటికి ఈదుకుంటా తిరిగేదాన్నిగదయ్యా!” అంటూ చీర కొంగు బిగించి ఆఫీసుకి బయల్దేరింది.

పురపాలక కార్యాలయంలో నీటిపన్ను చూసే అధికారి పేరు చక్రధరం. ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళు రాసీరాసీ, ఆయన ఇంట్లో పెళ్ళాంతో మాట్లాడినా ఫైలు రాసినట్టే మాట్లాడతాడని చెప్పుకుంటారు. ‘విషయము: కాఫీ. సూచిక: నిన్నటి కాఫీ’ అన్న ధోరణి. ఆ రోజు ఆయన మొహం వాడిపోయి ఉంది. పైనుంచి ఆడిట్‌వాళ్ళొచ్చి, నీళ్ళివ్వకుండా బిల్లులెట్లా వేశారని ఒక కొర్రీ పెట్టి వెళ్ళారు. జవాబు రాయడానికి వారం గడువు. అందులో ఐదు రోజులు అయిపోయాయి.

నాంచారమ్మ బిల్లు బల్లమీద కొట్టింది.

“అమ్మా, మీటరు అనునది యంత్రము. యంత్రమునకు రాగద్వేషములు ఉండవు. తిరిగినదనగా ఏదో ఒకటి సరఫరా అయినట్లే” అన్నాడు చక్రధరం తలెత్తకుండానే.

“ఏందయ్యా సరఫరా అయ్యింది? చుక్క రాలా. వొట్టి గాలొచ్చింది!”

చక్రధరం చేతిలో కలం ఆగిపోయింది. మెల్లగా తలెత్తాడు.

“ఏమి వచ్చినదన్నారు?”

“గాలి సారూ. గాలి!”

“ధారాళముగా వచ్చినదా?”

“ఓ... మా ఆయన ట్యూబు పెడితే చిటికెలో ఉబ్బింది.”

“సమయపాలన?”

“దానికేం లోటు? పొద్దున్నే ఆరింటికల్లా సుయ్యిమంటది.”

చక్రధరం లేచి స్వయంగా కుర్చీ జరిపి ఆవిడని కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. ఓ తెల్లకాగితం తీసుకుని చకచకా రాసి, “మీరు చెప్పినదంతా యథాతథముగా నమోదు చేయడమైనది. ఇచ్చట సంతకము” అన్నాడు. ఆఫీసులో తన మాట ఇంత శ్రద్ధగా విన్న మానవుణ్ణి ఆవిడ ఎన్నడూ చూడలేదు. ‘పాపం మంచాయన’ అనుకుని సంతకం పెట్టేసింది. కాగితంమీద ఉన్నదేమిటంటే: ‘పై వినియోగదారు తమ గృహమునకు గాలి సకాలములో, తగినంత ఒత్తిడితో, నిరంతరాయముగా అందుచున్నట్లు తెలియజేసి సంతృప్తి వ్యక్తపరచినారు.’

ఇంటికొచ్చి కూతురితో, “వారంలో నీళ్ళొస్తయ్యే తల్లీ. నా అర్జీ చేత్తో రాసుకున్నాడు ఆ సారు” అని బిందెలు తోమి బోర్లించింది.

వారంలో వచ్చింది తీర్మానం. రాళ్ళవాగుపురం ఇకమీదట పౌరులకు కుళాయి ద్వారా గాలి సరఫరా చేస్తున్న పట్టణమని, ఇంతవరకు వేసిన బిల్లులన్నీ గాలివేనని, ‘నీరు’ అని పడటం అచ్చుతప్పు అని పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆడిట్‌వాళ్ళకి ఆ తీర్మానం, దానికి జతగా నాంచారమ్మ సంతకం పంపారు. సరుకు అందిందని పుచ్చుకున్నవాళ్ళే రాసిచ్చాక ఇంక కొర్రీ ఏముంది? కొట్టేశారు.

బజారు కూడలిలో సభ పెట్టారు. ఛైర్మన్ గారు మైకు పట్టుకున్నారు.

“ఇతర పట్టణాలవాళ్ళు ఇంకా నీళ్ళ దగ్గరే ఆగిపోయారు! నీళ్ళు లేకుండా మనిషి మూడు రోజులుండగలడు. గాలి లేకుండా మూడు నిమిషాలుండగలడా? అని నేను సూటిగా అడుగుతున్నాను! ప్రజలకి ఏది అత్యవసరమో గుర్తించిన పాలకవర్గం మాది!”

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసవాళ్ళకి మజ్జిగ ప్యాకెట్లు ఇస్తారని చెప్పారు కాబట్టి గట్టిగానే కొట్టారు. చక్రధరానికి శాలువా కప్పి, ‘వాయు సరఫరా అధికారి’ అని కొత్త హోదా ఇచ్చారు. మొదటి వినియోగదారు కింద నాంచారమ్మనీ వేదికమీదకి పిలిచారుగానీ, ఆవిడ అప్పటికే చెప్పు తీసుకుని లేచిందని, పక్కనున్నవాళ్ళు చెయ్యిపట్టుకుని ఆపేశారని ఆ వీధివాళ్ళు చెబుతారు.

ఒక సరఫరా అంటూ మొదలయ్యాక దానికి నిబంధనలు ఉండాలి కదా. కుళాయి తెరిచి వదిలేస్తే గాలి వృథా, జరిమానా. కిటికీలు బార్లా తీసి ఉంచే ఇళ్ళు పురపాలక గాలిని నిర్లక్ష్యం చేసి బయటి గాలిమీద ఆధారపడుతున్నట్టు. వాళ్ళకి హెచ్చరిక. ఆటోకి మైకు కట్టి, ‘గాలి జాతి సంపద, పొదుపుగా పీల్చండి’ అని వీధి వీధీ తిప్పారు. శివారు కాలనీలకి ఇంకా గొట్టాలు పడలేదు. వాళ్ళేం పాపం చేసుకున్నారని, ఊళ్ళో నాలుగు రోజులకోసారి మంచినీళ్ళు తెచ్చే ట్యాంకర్లు రెండింటినీ అటు మళ్ళించి గాలి తోలించడం మొదలుపెట్టారు. ఖాళీ ట్యాంకరు వచ్చి నిలబడగానే ఆడవాళ్ళు అలవాటుకొద్దీ బిందెలు వరసలో పెట్టారు. నా బిందె ముందంటే నా బిందె ముందని జుట్లు కూడా పట్టుకున్నారు. మూత తీసి, మూత పెట్టి, “అయిపోయిందమ్మా, మళ్ళీ గురువారం” అని వెళ్ళిపోయాడు డ్రైవరు.

ట్యాంకరు పోవడంతో నాంచారమ్మకి ఉన్న ఆ రెండు బిందెల ఆధారం కూడా పోయింది. తొమ్మిదో నెల నిండిన పిల్ల మంచంమీద ఆయాసపడుతుంటే ఆవిడ ఉప్పుబోరు దగ్గర నిలబడి మున్సిపాలిటీవాళ్ళ వంశాల్ని పేరుపేరునా తలుచుకునేది. తాగడానికి మాత్రం క్యాన్లు కొంటున్నారు. క్యాను నీళ్ళతో ఎవరైనా బాలింతకి తలంటుతారా?

అలాంటి రోజుల్లోనే వాయు నిఘా దళం ఆ ఇంటికొచ్చింది. చక్రధరం ముందు, చేతిలో టేపులూ రిజిస్టర్లూ పట్టుకుని ఇద్దరు వెనక. ముందుగదిలో బాపయ్య ఓ మోపెడు చక్రానికి గాలి కొడుతున్నాడు.

“ఈ గాలి ఎచ్చటిది?” అన్నాడు చక్రధరం.

బాపయ్యకి జన్మలో ఎవరూ వెయ్యని ప్రశ్న అది. కాసేపు ఆలోచించి, “ఊళ్ళోదేనండీ” అన్నాడు.

“ఊరు ఎవరి పరిధిలోనిది?”

“మున్సిపాలిటీదండీ.”

“నమోదు చేయుము” అన్నాడు చక్రధరం వెనక్కి తిరిగి. “పురపాలక పరిధిలోని గాలిని సేకరించి, చక్రములలో నిల్వచేసి, లాభాపేక్షతో విక్రయించుచున్నారు. గృహ కనెక్షన్‌పై వాణిజ్య వినియోగము.”

వంటింట్లోంచి నాంచారమ్మ గరిటెతో సహా ఊడిపడింది.

“ఏందయ్యా నువ్వనేది? మా మావ కాలంనుంచీ గాలి కొడతన్నాం! అప్పుడు మీ మున్సిపాలిటీ ఎక్కడుంది, మీ ట్యాంకెక్కడుంది?”

“అప్పటి గాలి వేరు తల్లీ. అది అనధికారిక గాలి” అన్నాడు చక్రధరం ఎంతో ఓర్పుగా. పంపుకి లక్క సీలు వేయించాడు. లోపల తిరుగుతున్న ఫ్యాను చూసి మాత్రం తటపటాయించాడు. ఫ్యాను గాలి తమదేనని విద్యుత్ శాఖవాళ్ళు అప్పటికే లేఖ రాశారు. తిప్పేది మీరు, గాలి మాది అని వీళ్ళు జవాబిచ్చారు. ఉమ్మడి సమావేశం తేదీ తేలేదాకా ఫ్యాన్లని మినహాయించారు.

పంపు సీలు పడ్డాక బాపయ్యకి పనిలేదు. అరుగుమీద కూర్చుని పోయేవాళ్ళ టైర్లకేసి దిగులుగా చూసేవాడు. ఆయన్ని చూస్తే నాంచారమ్మకి కడుపు తరుక్కుపోయేది. ఆ తరుక్కుపోవడం కూడా ఆయన మీదే కోపంగా వెళ్ళగక్కేది. ట్యూబెవడు పెట్టమన్నాడు కుళాయికి అని.

సుహాసినికి ఆడపిల్ల పుట్టింది. పెద్దాసుపత్రి నుంచి మూడో రోజు ఇంటికొచ్చారు. పిల్ల బొద్దుగా, నల్లటి జుట్టుతో, ఊరంతా వినపడేటంత గొంతుతో ఉంది. నాంచారమ్మ దాన్ని ఎత్తుకోగానే పురపాలక సంఘాన్ని పూర్తిగా మరిచిపోయింది. పురపాలక సంఘం మాత్రం ఆవిణ్ణి మరిచిపోలేదు. సాయంత్రానికల్లా చక్రధరం ఫారాలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“శుభాకాంక్షలు. గృహములో అదనపు శ్వాసదారు చేరినట్లు ఆసుపత్రి నుంచి సమాచారము అందినది.”

“పసిగుడ్డయ్యా! పుట్టి మూడ్రోజులు!”

పిల్ల అప్పుడే కెవ్వుమని అందుకుంది. చక్రధరం చెవి ఒగ్గి విని, “వినియోగము ఎక్కువగానే ఉన్నది. అయినను ఏడాదిలోపు వారికి రాయితీ కలదు. లబ్ధిదారు స్వయముగా దరఖాస్తు చేసుకొనవలెను. సంతకము రానిచో వేలిముద్ర చాలును” అన్నాడు.

బొటనవేలు మరీ బఠాణీగింజంత ఉండి గళ్ళో ఆనకపోతే, ఆయనే పెద్దమనసు చేసుకుని అరికాలు ముద్ర వేయించుకున్నాడు. పాపాయి పాదం సిరాతో నీలమైంది. అది కడగడానికి కూడా చెంబెడు మంచినీళ్ళు లేక, క్యానులోంచి వంచి తడిగుడ్డతో తుడుస్తూ నాంచారమ్మ భోరుమంది. ఏడుపు ఆపుకుని అడిగింది.

“సారూ, నీకు చేతులెత్తి దండం పెడతా. ఈ గాలీ గీలీ నీకే రాసిస్తా. నాకు పదకొండో రోజుకి నాలుగు బిందెల నీళ్ళు ఇప్పించు. లేకపోతే మా వియ్యపురాలొచ్చి నా పిల్లల్ని పట్టుకుపోయిద్ది.”

చక్రధరం నిజంగానే నొచ్చుకున్నాడు. “అమ్మా, మీ బాధ అర్థమైనది. కానీ మీ గృహమునకు ఉన్నది గాలి కనెక్షన్. ఒకే గొట్టములో రెండు సరఫరాలు నిషిద్ధము. గాలి గొట్టములో నీరు వచ్చినచో అది కల్తీ. ఆహార కల్తీ మాదిరిగానే కేసు. అధికారిపై చర్య, గొట్టము మూసివేత. నీరు కావలెనన్న ముందు గాలి కనెక్షన్ రద్దు కోరవలెను. రద్దుకు గృహములో ఎవరూ శ్వాసించుట లేదని ధ్రువపత్రము జతచేయవలెను.”

“ఆ పత్రం ఎవరిస్తారయ్యా?”

“సాధారణముగా వారసులు” అన్నాడు చక్రధరం.

మిగిలిన రోజులన్నీ నాంచారమ్మ కాలు నిలవకుండా తిరిగింది. పక్క ఊరి చేలబావికి మనిషిని పంపితే అదీ అడుగంటిందన్నాడు. తెలిసినవాళ్ళ దగ్గర ఉన్న మంచినీళ్ళు తలా చెంబూ అడిగితే, ఉన్నవాళ్ళు లేవన్నారు, లేనివాళ్ళు అయ్యో అన్నారు. పదో రోజు సాయంత్రానికి ఆవిడ పోగుచేసింది బిందెన్నర. రాగి కాగు పొయ్యిమీద పెట్టి, ఆ బిందెన్నర అందులో పోసి చూసుకుంది. పావు కూడా నిండలేదు.

“పోనీలేమ్మా, మా అత్తయ్య తీసుకెళ్తే తీసుకెళ్ళనీ. నువ్విట్టా తిరిగి పడిపోతావ్” అంది సుహాసిని.

“నోరు ముయ్యవే. నా మనవరాలికి నేను నీళ్ళు పొయ్యలేకపోతే నేనెందుకు ఉన్నట్టు?” అని కసిరి, కాగు ముందే కూలబడింది నాంచారమ్మ.

పదకొండో రోజు పొద్దున్నే మాణిక్యమ్మ కారు దిగింది. దిగుతూనే చుట్టూ చూసింది. ఎండిన కాలవలు, బోర్లించిన బిందెలు, పొయ్యిమీద కాగు. కాగులోకి తొంగిచూసి మూతి ముడిచింది.

“నేనప్పుడే చెప్పాగా వదినా. డ్రైవరుకి ఇంజను ఆపొద్దని చెప్పొచ్చా. అమ్మాయ్ సుహాసినీ, బట్టలు సర్దుకో.”

ఊళ్ళో అందరి వాటా మాటలూ మాట్లాడే నాంచారమ్మ, పిల్లని గుండెలకి అదుముకుని గోడకి ఆనుకుని నిలబడిపోయింది. బాపయ్యే వచ్చి, “అక్కయ్యగారూ, సాయంత్రందాకా...” అని మొదలుపెట్టి ముందుకి సాగలేక ఆగాడు.

అప్పుడు కుళాయి బుస ఆగిపోయింది. ఓసారి దగ్గింది. ఇంకోసారి ఎర్రటి బురద కక్కింది. ఆ తర్వాత బొటనవేలంత లావున ధార మొదలై, చూస్తుండగానే మణికట్టంత అయ్యి, తేటబడింది.

నీళ్ళు! సాక్షాత్తూ మంచినీళ్ళు!

“ఏమయ్యో! బిందెలు!” అని నాంచారమ్మ పెట్టిన కేకకి ముందుగదిలో సైకిలొకటి పడిపోయింది. పిల్లని మాణిక్యమ్మ చేతుల్లో పడేసి కుళాయిమీదికి దూకింది. బిందెలు నిండాయి, కాగు నిండింది, గంగాళం నిండింది, ఆఖరికి బాపయ్య పంక్చర్లు చూసుకునే తొట్టి కూడా నిండింది. కట్టెలు ఎగదోశారు. నీళ్ళు మసిలాయి. సుహాసినికి పసుపు రాసి, కుంకుడు రసంతో తలంటి, చెంబులకి చెంబులు గుమ్మరించారు. వీధి వీధంతా బిందెల చప్పుళ్ళూ ఆడవాళ్ళ నవ్వులూ.

ఇంతలో ఆటో వచ్చింది. మైకులో చక్రధరం గొంతు.

“పురప్రజలకు విజ్ఞప్తి. నీటిపారుదల శాఖవారు ముందస్తు సమాచారము లేకుండా కాలువకు నీరు వదిలినందువలన మన చెరువులోనికి, తద్వారా మన గాలి గొట్టములలోనికి నీరు చొరబడినది. ప్రజలు భయాందోళనలకు గురి కావలదు. కల్తీ జరిగిన గృహములవారు వెంటనే తెలియజేసినచో, గొట్టములను ఖాళీచేసి, నాణ్యమైన గాలి పునరుద్ధరించబడును.”

వీధిలో నవ్వులు టక్కున ఆగిపోయాయి. తలుపులు ధడధడా మూసుకున్నాయి. నీళ్ళొచ్చాయని ఒక్కరన్నా, ఒకే ఒక్కరన్నా, మధ్యాహ్నానికి మళ్ళీ గాలే. ఇల్లిల్లూ తిరిగి చక్రధరం అడుగుతున్నాడు, మీ కుళాయిలో ఏమొస్తోంది అని. మొదటింటివాళ్ళు గాలన్నారు. రెండో ఇంటాయన తడి లుంగీ పిండుకుంటూ గాలన్నాడు. మూడో ఇంటి ముసలమ్మ, కుళాయిమీద ఒట్టు పెట్టి మరీ గాలంది.

చక్రధరం నాంచారమ్మ పెరట్లోకి వచ్చేసరికి ఆవిడ పీటమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళమీద పాపాయిని పడుకోబెట్టి నలుగు పెడుతోంది. పక్కన కాగు పొగలు కక్కుతోంది. కుళాయి ధార పడుతూనే ఉంది. పెరడంతా చెరువు. చక్రధరం బూట్లు చీలమండదాకా మునిగాయి. మాణిక్యమ్మ చెంబు పట్టుకుని నిలబడి, ఈయనెవరా అన్నట్టు చూసింది.

“ఇదేమి?” అన్నాడు చక్రధరం.

నాంచారమ్మ తొణకలేదు. చెంబెడు వేణ్ణీళ్ళు తీసి, అరచేతిమీదుగా జార్చి మనవరాలి పొట్టమీద పోసింది. పిల్ల గుక్క తిప్పుకుని, కాళ్ళాడించి, ఎదురుగా నిలబడ్డ ఆయన కళ్ళద్దాలమీదికి తుంపర చిమ్మింది.

“గాలి” అంది నాంచారమ్మ.

చక్రధరం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. గంగాళంకేసి చూశాడు, తన బూట్లకేసి చూశాడు. వాయు సరఫరాలో కల్తీ అని రాస్తే వాయు సరఫరా అధికారి ఎవరు? తనే. చర్య ఎవరిమీద? తనమీదే. రిజిస్టరు తెరిచి, తడి కాగితంమీద ‘గాలి. నాణ్యత ఉత్తమము’ అని రాసుకున్నాడు. అయినా కదల్లేదు. అక్కడే నసుగుతూ నిలబడ్డాడు.

“ఇంకేంది సారూ?”

ఆయన వెనక్కి చూశాడు. తన మనుషులు దూరంగా ఉన్నారని రూఢి చేసుకున్నాడు. ఆ తర్వాత, ఇరవై ఏళ్ళలో మొట్టమొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడాడు.

“అమ్మా, మా ఇల్లు గుట్టమీద. అక్కడికింకా ఎక్కలేదు. మా ఆవిడ తలకి పోసుకుని పన్నెండు రోజులైంది. నాతో మాట్లాడ్డం మానేసి కూడా పన్నెండే. ఒక్క బిందెడు... గాలి ఇప్పిస్తావా?”

ఓ క్షణం నాంచారమ్మకి ఆ రాగి చెంబు ఆయన నెత్తిమీద వేద్దామా అనిపించింది. దరఖాస్తు పెట్టుకో, అరికాలు ముద్ర తీసుకురా అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కాళ్ళమీద పిల్ల వెచ్చగా మెత్తగా కదులుతోంది, బోసినోరు తెరిచి ఆవలిస్తోంది. ఆవిడకి ఆ పూట ఎవరిమీదా కోపం నిలవలేదు.

“ఏవయ్యా, ఆ పెద్ద బిందె సారుకియ్యి. మూత కూడా ఇయ్యి, దార్లో ఒలికిద్ది” అంది భర్తతో.

వాయు సరఫరా అధికారి బిందె భుజానికెత్తుకున్నాడు. వీపంతా తడుస్తుండగా, జనంవైపు చూడకుండా, గుట్టదారి పట్టాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఏమిటని అడగలేదు. ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చారు.

మాణిక్యమ్మ ఇదంతా చెంబు పట్టుకునే చూసింది. బయట కారు ఇంకా గుర్రుగుర్రుమంటోంది. ఆవిడ మనవరాలి తల తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, ఎర్రగా నిగనిగలాడుతున్న ఆ మొహంకేసి కాసేపు చూసి, కోడలి వంకా వదినగారి వంకా చూసింది.

“పిల్ల తేటగా ఉంది వదినా. ఈ ఊరి నీళ్ళు...” అంటూ మొదలుపెట్టి, వీధిమలుపులో ఆటో ఇంకా నిలబడి ఉండటం చూసి నాలిక్కరుచుకుంది. గొంతు పెంచి, ఆటోదాకా వినపడేలా అంది.

“ఈ ఊరి గాలి దీనికి బాగా పడ్డట్టుంది. మూడో నెల వెళ్ళేదాకా ఇక్కడే ఉండనీ. డ్రైవరూ, ఇంజనాపు!”